శ్రీలంక కూలింది పేదరికంతో కాదు

సంపాదకులు గారికి,

అయ్యా,

వర్ధమాన దేశాల్లో ప్రభుత్వాలు ఎందుకు కూలుతున్నాయో చెబుతూ పది రోజుల కిందట మీ సంపాదకీయ పేజీలో వచ్చిన వ్యాసానికి జవాబు రాయకూడదనే అనుకున్నాను. నిన్న లేఖల శీర్షికలో ఒకాయన దాన్ని ఆకాశానికెత్తడం చూశాక ఊరుకోబుద్ధి కాలేదు. పేదలు ఎక్కువైతే తిరుగుబాట్లు వస్తాయట. అందుకు శ్రీలంకే సాక్ష్యమట!

శ్రీలంక పేద దేశమని ఎవరు చెప్పారు? 2019లో ప్రపంచ బ్యాంకు దాన్ని ఎగువ మధ్యాదాయ దేశాల వరసలో కూర్చోబెట్టింది. తలసరి ఆదాయంలో మనకంటే పైన. ఆ ఏడాది చివర్లో వ్యాట్‌ను 15 నుంచి 8 శాతానికి దించి ఖజానాకు చిల్లు పెట్టుకున్నారు. కొవిడ్‌తో పర్యాటకుల డాలర్లు ఆగిపోయాయి. 2021లో రసాయన ఎరువుల దిగుమతిని ఉన్నపళంగా నిషేధించారు. వరి దిగుబడి పడిపోయి, బియ్యానికి లోటు లేని దేశం దాన్ని బయట కొనుక్కునే స్థితికి వచ్చింది. కొందామంటే డాలర్లేవీ? 2022 ఏప్రిల్‌లో విదేశీ అప్పులు కట్టలేమని చేతులెత్తేశారు. జులైకి ఆహార ధరలు ఏడాది కిందటి కంటే 90 శాతం పైన ఉన్నాయి. ఆ నెల 9న జనం అధ్యక్ష భవనంలోకి చొరబడ్డారు, 13న అధ్యక్షుడు గొటబాయ రాజపక్స దేశం దాటారు. ఇందులో పేదల తప్పు ఎక్కడుందో వ్యాసకర్తే చూపించాలి.

అసలు మెలిక ఇంటి ఖర్చులో తిండి వాటా దగ్గర ఉంది. 2023-24 గృహ వినియోగ సర్వే ప్రకారం మన పల్లెల్లో ఖర్చులో 47 శాతం, పట్టణాల్లో దాదాపు 40 శాతం తిండికే పోతోంది. నెలకు 16,000 వచ్చే ఇల్లు ఒకటి తీసుకోండి. తిండికి 8,000, అద్దెకు 4,000. మిగిలిన 4,000లోనే కరెంటు, ఫీజులు, మందులు, వడ్డీలు. తిండి ధరలు సగం పెరిగాయా, ఆ 4,000 మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. లక్ష వచ్చే ఇంట్లో తిండి ఖర్చు 20,000 నుంచి 30,000కు పోతే ఆ నెల చీటీ వాయిదా పడుతుంది, అంతే. ముప్పై ఏళ్లుగా పేదగా ఉన్నవాడు అందులోనే ఎలాగో సర్దుకుని బతుకుతాడు. సర్దుకున్నది ఒక్కసారిగా చెదిరితేనే జనం రోడ్డెక్కుతారు. ఎక్కేది కూడా అట్టడుగువాడు కాదు, వాడికి ఒక్క రోజు కూలి పోయినా గడవదు. అంతకు ఒక మెట్టు పైనున్న డ్రైవరు, గుమాస్తా, విద్యార్థి ముందుంటారు.

సూడాన్‌లో జరిగింది అదే. 2018 డిసెంబరులో రొట్టె ధర ఒక పౌండు నుంచి మూడుకు పెరిగింది. అత్బరా అనే రైల్వే ఊళ్లో మొదలైన నిరసన నాలుగు నెలల్లో అధ్యక్షుడు బషీర్ ముప్పై ఏళ్ల పాలనను కూల్చింది. ఈజిప్టులో 1977 జనవరిలో తిండి సబ్సిడీలు కోస్తే రెండు రోజులు దేశం తగలబడింది, అధ్యక్షుడు సాదాత్ ఆ నిర్ణయం వెనక్కి తీసుకున్నారు. ఆ భయం ఎంతదంటే, తర్వాతి ప్రభుత్వాలు చాలా ఏళ్లు ధర ముట్టుకోకుండా రొట్టెనే చిన్నది చేస్తూ వచ్చాయి. మన టిఫిన్ సెంటర్లలో ఇడ్లీ చిక్కినట్టే! 2020లో ఆ రొట్టె 90 గ్రాములకు దిగింది. 5 పియాస్టర్ల (అక్కడి పైసలు) ధరను 20 చేయడానికి 2024 జూన్ దాకా ధైర్యం చాలలేదు.

మరి మలావీ? ప్రపంచంలోని కడు పేద దేశాల్లో ఒకటి. 2020లో అక్కడి కోర్టు అధ్యక్ష ఎన్నికను రద్దు చేస్తే మళ్లీ పోలింగ్ పెట్టారు, అధికారంలో ఉన్నాయన ఓడి దిగిపోయారు. అప్పు ఎగ్గొట్టిన జాంబియాలోనూ 2021లో ఓటుతోనే గద్దె మారింది. చమురు డబ్బు పుష్కలంగా ఉన్న లిబియా మాత్రం 2011లో ముక్కలైంది. పేదరికానికి సంబంధమే లేదని నేననడం లేదు. మాలి, బుర్కినా ఫాసో, నైజర్‌లలో వరసగా సైనిక కుట్రలు జరిగాయి. ఖజానా ఖాళీగా ఉన్న ప్రభుత్వం దెబ్బ కాచుకోలేదు. కానీ దెబ్బ ఎటునుంచి పడిందో చెప్పకుండా పడినవాడిని తిట్టడమేమిటి?

ఆ దెబ్బల్లో మన వంతు కూడా ఉంది. 2022 సెప్టెంబరులో కేంద్రం నూకల ఎగుమతి ఆపింది, 2023 జులై 20న బాస్మతియేతర తెల్ల బియ్యం ఆపింది. మనం కోళ్ల దాణాకు తోసే నూకలే సెనెగల్‌లో రోజువారీ భోజనం. కాకినాడ రేవులో ఓడ ఆగితే అక్కడ కుండ ఆగుతుంది.

ఇక రేషన్ బియ్యం లాంటి 'ఉచితాల'పై వ్యాసకర్త వెటకారం. 1983లో కిలో 2 రూపాయల బియ్యం చూసిన రాష్ట్రం మనది. స్టోరు బియ్యం దానం కాదు, ధరల దెబ్బను కాచే గొడుగు. మనిషికి 5 కిలోలు, అంత్యోదయ కార్డుకు 35. ఆ గొడుగుకు చిల్లులు పెడుతున్నదెవరో రాస్తే సంతోషించేవాళ్లం. 2021 జనవరిలో విజయవాడ బెంజి సర్కిల్‌లో జెండా ఊపి మొదలుపెట్టి, ఇంటింటికీ రేషన్ ఇవ్వడానికి రాష్ట్రమంతటా 9,260 బండ్లు తిప్పారు, 2025 జూన్‌లో ఆపేసి మళ్లీ దుకాణానికే రమ్మన్నారు. ఒకటి నుంచి పదిహేనో తేదీ దాకా, పొద్దున ఎనిమిది నుంచి పన్నెండు, సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది. మిర్చి తొడిమలు తీసే ఆడవాళ్ల వేళ్లు అరిగిపోయి ముద్ర పడదు. ఓటీపీ అంటే అది ఎప్పుడో మార్చేసిన నంబరుకు పోతుంది. అంతలో సర్వర్ డౌన్. పదహారో తేదీ వస్తే ఆ నెల కోటా సంగతి అధికారులకే ఎరుక. అన్నం ముద్దవుతుందని వదులుకున్న బియ్యం పదికో పన్నెండుకో బ్రోకరు చేతికి, అక్కడి నుంచి మిల్లుకు వెళ్లి, పాలిష్ పట్టి కొత్త సంచిలో తిరిగొస్తుంది. ఏడాదికోసారి ఒక లారీ పట్టుకుని, దాని ముందు అధికారులు వరసగా నిలబడ్డ ఫొటో మీరే వేస్తారు. ఆ లారీ కేసు ఏమైందో మాత్రం వేయరు.

శ్రీలంక గురించి సవరణ వేయండి. వ్యాసం వచ్చిన పేజీలోనే, అంతే అక్షరాల్లో. క్లాసిఫైడ్స్ అడుగున కాదు.

ఇట్లు,
ఒక విశ్రాంత అర్థశాస్త్ర అధ్యాపకుడు,
బ్రాడీపేట, గుంటూరు