బ్యాక్‌హ్యాండ్ నేర్పిన అన్నకు చాలా థ్యాంక్స్

టేబుల్ టెన్నిస్ హాల్లో పక్క టేబుల్ మీద మీ ఆట ఆపి మరీ నా దగ్గరికొచ్చిన అన్నా, మీ పేరు తెలియదు కానీ చాలా చాలా థ్యాంక్స్. కట్ చేసిన బంతిని బ్యాక్‌హ్యాండ్‌తో లేపాలంటే నాకెప్పుడూ టెన్షనే, అలా వెనక్కి తిరుగుతూ వచ్చే బ్యాక్‌స్పిన్ బంతి బ్యాట్‌కి తగలగానే కిందికి జారుతుంది కదా, నేరుగా ముందుకు కొడితే నెట్‌లోకే. మీరు మోకాళ్లు బాగా వంచి, బ్యాట్‌ని తొడల మధ్యకి దించి, మణికట్టు పొట్ట వైపు తిప్పి, బంతి ఎగిరి కాస్త దిగబోతుండగా దాన్ని సన్నగా రాస్తూ పైకీ ముందుకీ లాగమన్నారు. నా మోచేయి పక్కకు పోకుండా మీ చేత్తో ఆపి పట్టుకున్నారు చూడండి, విసురంతా ముంజేతిలోనే ఉందని అప్పుడు తెలిసింది. పైగా అంతసేపు ఒకే రకం పుష్ (బంతి అడుగున కోస్తూ మెల్లగా తోసే షాట్) విసుక్కోకుండా వేసిచ్చారు, అదీ అసలు సాయం. ఇప్పుడు బంతి నెట్ దాటి అవతల టక్కున దిగుతోంది! ఈసారి హాల్లో కనబడితే టీ నాదే అన్నా.