బాలికల పెళ్లిళ్ల నివారణ నిధి: 2024-25 జమా ఖర్చుల వివరణ

గ్రామస్థులకు, గల్ఫ్ దేశాల్లో పనిచేస్తూ ఈ నిధికి సొమ్ము పంపిన మన ఊరి ఆడపడుచులకు, పొదుపు సంఘాల సభ్యులకు, ధాన్యం ఇచ్చిన రైతులకు కమిటీ నమస్కారాలు. 2024 ఏప్రిల్ 1 నుంచి 2025 మార్చి 31 వరకు ఈ నిధికి వచ్చిన ప్రతి రూపాయికీ, పోయిన ప్రతి రూపాయికీ లెక్క చెప్పడం మా బాధ్యత కాబట్టి ఈ వివరణ రాస్తున్నాము. ఇందులో ఏ అమ్మాయి పేరూ, వీధీ, ఇంటి గుర్తూ ఉండవు. రక్షణ అవసరమైన బాలల గుర్తింపు వివరాలు బయటపెట్టడాన్ని బాలల న్యాయ చట్టం నిషేధించింది. చట్టం లేకపోయినా మేము రాసేవాళ్లం కాదు, ఎందుకంటే ఆ పిల్లలు ఈ ఊళ్లోనే, ఈ ఏటిగట్టు మీదుగానే రోజూ నడవాలి.

ముందుగా జమ. గత ఏడాది నిల్వ 18,460 రూపాయలు. ఇంటింటి చందాల కింద 214 ఇళ్ల నుంచి 68,350 రూపాయలు వచ్చాయి. యాభై రూపాయలు ఇచ్చిన ఇల్లూ ఉంది, రెండు వేలు ఇచ్చిన ఇల్లూ ఉంది, అందరికీ ఒకే రకం రసీదు ఇచ్చాము. డ్వాక్రా సంఘాలు 31,000 ఇచ్చాయి. ఖరీఫ్ నూర్పుల తర్వాత రైతులు 12 బస్తాల ధాన్యం ఇచ్చారు. 75 కిలోల బస్తాకు మద్దతు ధర ప్రకారం 1,725 చొప్పున అమ్మగా 20,700 వచ్చాయి. బ్యాంకు వడ్డీ 1,240. వీటన్నిటికన్నా పెద్ద మొత్తం కువైట్‌లోనూ తక్కిన గల్ఫ్ దేశాల్లోనూ ఇళ్లల్లో పనిచేస్తున్న 28 మంది మన ఊరి స్త్రీలు పంపిన 1,12,000 రూపాయలు. మొత్తం జమ 2,51,750 రూపాయలు.

ఆ లక్షా పన్నెండు వేల గురించి రెండు మాటలు చెప్పకుండా ముందుకు పోలేము. కోనసీమలోనూ పశ్చిమ గోదావరి జిల్లాలోనూ తల్లి గల్ఫ్‌కి వెళ్లి, పిల్లలు అమ్మమ్మ దగ్గరో నాయనమ్మ దగ్గరో పెరిగే ఇళ్లు చాలా ఉన్నాయి. ఆడపిల్ల పెద్దమనిషి అయిన నాటి నుంచి ఆ ముసలామెకు నిద్ర ఉండదు. పిల్ల ఫోనులో ఎవరితో మాట్లాడుతోందో, రేపు ఏదైనా జరిగితే కూతురికి ఏమని సమాధానం చెప్పాలో అన్న భయంతో, కనిపించిన మొదటి సంబంధానికే తలూపుతుంది. తల్లి ఏ చదువు కోసమని పరాయి దేశంలో అంట్లు తోముతోందో ఆ చదువే అక్కడితో ఆగిపోతుంది. డబ్బు పంపిన 28 మందిలో చాలామంది తాము పదిహేనూ పదహారేళ్లకే పెళ్లయినవాళ్లమని, ఆ పెళ్లి నిలవకే విమానం ఎక్కామని చెప్పారు. కాబట్టి ఈ సొమ్మును మేము విరాళంగా కాక, అప్పగింతగా భావించి ఖర్చు చేశాము.

మొత్తం ఖర్చు 1,86,920 రూపాయలు. ఇందులో పెళ్లిళ్లు ఆపడానికి అయిన ఖర్చు 6,340 మాత్రమే. ఆటోలకు, పెట్రోలుకు 3,460. జెరాక్సులకు, ధ్రువపత్రాలకు 420. కాఫీ టిఫిన్లకు 1,180. ఇంటి నుంచి బయటపడిన ఒక యువతి బట్టలకు, ప్రయాణానికి 1,280. ఇంత తక్కువేమిటని సభలో కొందరు అడిగారు. పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను చేయడానికి డబ్బు అక్కర్లేదు. బాల్య వివాహాల నిషేధ అధికారి, అంగన్‌వాడీ కార్యకర్త, పోలీసులు ప్రభుత్వ ఉద్యోగులు. 2006 నాటి బాల్య వివాహాల నిషేధ చట్టం కింద, పెళ్లి జరగబోతోందని తెలిస్తే మేజిస్ట్రేటు ముందుగానే ఆపుదల ఉత్తర్వు ఇవ్వవచ్చు, ఆ ఉత్తర్వును ధిక్కరించి చేసిన పెళ్లి మొదటి నుంచీ చెల్లదు. పెళ్లి ఆపడం ఒక పూట పని. ఆపిన మర్నాటి నుంచి మొదలయ్యేదే అసలు ఖర్చు. ఈ లెక్కలో ప్రధానంగా గమనించవలసింది ఇదేనని కమిటీ అభిప్రాయం.

ఏడాదిలో మాకు అందిన సమాచారాలు ఏడు. మామూలుగా పదో తరగతి ఫలితాలు వచ్చాక, ఆషాఢం రాకముందు వేసవి సెలవుల్లో ఇవి ఎక్కువగా జరుగుతాయి, అప్పుడు బడి ఉండదు కాబట్టి పిల్ల రాలేదని గమనించే ఉపాధ్యాయులూ ఉండరు. 2024లో వైశాఖ జ్యేష్ఠాలు మూఢంలో పోవడంతో ముహూర్తాలన్నీ శ్రావణానికీ మాఘానికీ జరిగాయి, మా పరుగులు కూడా ఆ నెలల్లోనే. ఏడింటిలో నాలుగు పెళ్లిళ్లు ఆగాయి. ఒకచోట మేము వెళ్లేసరికి తాళి కట్టడం అయిపోయింది, ఆ విషయం అధికారులకు తెలియజేశాము. ఒకటి పద్నాలుగేళ్ల పిల్లకు తాంబూలాలు పుచ్చుకున్న వ్యవహారం. నిశ్చితార్థాన్ని నేరుగా నిషేధించే మాట ఈ చట్టంలో లేదు, ఆ సంగతిని ఆలోచించమని సుప్రీంకోర్టు 2024 అక్టోబరు 18 నాటి తీర్పులో పార్లమెంటుకు సూచించింది. అందువల్ల ఆ ఇంట్లో మాటలతోనే పని జరిగింది. పిల్ల మేనత్త మా పక్షాన నిలబడడం వల్ల తాంబూలాలు వెనక్కి వెళ్లాయి.

ఏడోది వేరే రకం. ఆ యువతికి పందొమ్మిదేళ్లు నిండాయి, కాబట్టి ఆమెకు బాల్య వివాహ చట్టం వర్తించదు. పుట్టినప్పుడే మేనమామకు అనుకున్నామని, ఆయన ఇన్నేళ్లు ఆగాడని, ఇప్పుడు వద్దంటే తోబుట్టువులు విడిపోతారని ఇంట్లో ఆమెను వారం రోజులు గదిలో పెట్టారు. ఇది మన కమిటీ పని కాదని ఇద్దరు సభ్యులు అన్నారు. వయసు చాలినంత మాత్రాన బలవంతం బలవంతం కాకుండా పోదని మిగిలినవారం భావించాము. వయసు వచ్చిన మనిషి తన పెళ్లి తాను నిర్ణయించుకోవడానికి కుటుంబం అంగీకారంగాని కులపెద్దల అంగీకారంగాని అక్కర్లేదని 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మహిళల సహాయ నంబరు 181కి ఫోను చేసి, ఆమె చేతిరాతతో అర్జీ ఇప్పించి, ఆపదలో ఉన్న స్త్రీలకు ఆసరా ఇచ్చే ప్రభుత్వ సఖి కేంద్రంలో అయిదు రోజులు ఉంచాము. ఒకవేళ పెళ్లి జరిగిపోయి ఉన్నా, బలవంతంగా ఒప్పించారన్న కారణం మీద హిందూ వివాహ చట్టం 12వ సెక్షను కింద రద్దు కోరవచ్చునని, ఆ బలవంతం తొలగిన ఏడాదిలోపే కోర్టుకు వెళ్లాలని చాలామందికి తెలియదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాము.

చదువు పద్దు కింద 1,03,100 రూపాయలు ఖర్చయ్యాయి. పెళ్లి ఆగిన పిల్లల్లో ఇద్దరు ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్నారు, వారి ఫీజుకు, హాస్టలుకు కలిపి 71,400. ప్రభుత్వ గురుకులంలో ఉచితంగా చేర్పించవచ్చు కదా అన్న ప్రశ్న న్యాయమైనదే. పెళ్లిళ్లు ఆగింది విద్యా సంవత్సరం మొదలైన తర్వాత కావడంతో సీట్లు నిండిపోయాయి, ఆ పిల్లలను ఆరు నెలలు అదే ఇంట్లో, అదే మాటల మధ్య ఉంచడం మంచిది కాదని డబ్బు కట్టి చేర్పించాము. సార్వత్రిక విద్యాపీఠం (ఓపెన్ స్కూలు) ద్వారా పదో తరగతికి కట్టిన ఇద్దరి ఫీజులు 6,200. మూడు సైకిళ్లకు 17,400. బస్సు పాసులకు, పుస్తకాలకు 8,100. సైకిలు తీసుకున్నవారిలో ఒకరు తాంబూలాలు వెనక్కి పంపిన పిల్ల. మిగతా ఇద్దరికి ఏ సంబంధమూ రాలేదు. లంక దాటి హైస్కూలుకు నడవలేక మానేయబోతున్నారు. మానేసిన ఏడాదికే సంబంధాలు వస్తాయని మన ఊరి అనుభవం.

ఇక్కడ మా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఆగిన నాలుగు పెళ్లిళ్లలో మొదటిది శ్రావణంలోది. ఆధార్‌లో పిల్లకు పద్దెనిమిది నిండినట్టు ఉంది, బడి రిజిస్టరులో పదహారే. రిజిస్టరు నకలు చూపించి ఆపించాము, పెద్దలు హామీపత్రం రాసి సంతకాలు పెట్టారు, మేము ఫోటో తీసుకుని సంతోషంగా ఇళ్లకు వచ్చాము. ఆ తర్వాత ఆ ఇంటికి మళ్లీ వెళ్లింది దసరాకి, ఒక్కసారి. ఆ పిల్ల మీద ఈ నిధి నుంచి ఒక్క రూపాయి ఖర్చు కాలేదు, ఈ పద్దుల్లో ఎక్కడా ఆమె లేదు. మాఘంలో ఆమెను బంధువుల ఊరికి తీసుకువెళ్లి, వేరే మండలంలోని ఒక గుడిలో తెల్లవారుజాము ముహూర్తానికి పెళ్లి చేసేశారు. మాకు తెలిసిన తర్వాత ఫిర్యాదు చేశాము, అది విచారణలో ఉంది. హామీపత్రాన్ని నమ్ముకుని పిల్లను వదిలేసిన బాధ్యత మాదే. ఆ తర్వాతే, ఆగిన ప్రతి పెళ్లికీ ఒక సభ్యురాలి పేరున బాధ్యత రాసి, ఏడాది పాటు పదిహేను రోజులకొకసారి ఇంటికి వెళ్లి రావాలని తీర్మానించాము.

వైద్యం కింద 27,600 రూపాయలు. ఇది అంతకుముందు ఏడాదే పెళ్లయిన పదహారేళ్ల అమ్మాయి కాన్పుకు సంబంధించినది. పద్దెనిమిది నిండని భార్యతో కాపురం చట్టం దృష్టిలో నేరం, అటువంటి గర్భం సంగతి తెలిసిన ఆసుపత్రి పోలీసులకు తెలియజేయాలి. ఆ భయంతో అత్తవారు అయిదో నెల వచ్చేదాకా ఆమెను ఎక్కడా నమోదు చేయించలేదు. ఇనుము మాత్రలు లేవు, రక్తపోటు చూసినవారు లేరు. ఆశా కార్యకర్త బతిమాలి తీసుకువెళ్లేసరికి రక్తం బాగా తగ్గిపోయి ఉంది. తొమ్మిదో నెలలో రక్తపోటు పెరిగి కాళ్లూ ముఖమూ వాచి, కారులో కాకినాడకు తరలించవలసి వచ్చింది. వైద్యం ఉచితమే, కారు కిరాయిలు 9,200, తోడున్నవారి తిండికి, బసకు 7,400, బయట చేయించిన పరీక్షలకు, మందులకు 11,000 అయ్యాయి. తల్లీ బిడ్డా దక్కారు, బిడ్డ తక్కువ బరువుతో పుట్టింది. ఎదగని ఒంటికి కాన్పు ఎంత ప్రమాదమో డాక్టర్లు ఎన్నోసార్లు చెప్పారు, ఆ రాత్రి మా సభ్యురాళ్లు ముగ్గురు కళ్లారా చూశారు. కేసు భయం పెళ్లిని ఆపకపోగా వైద్యాన్ని ఆపింది. అందువల్ల గర్భిణి ఎంత చిన్నదైనా నమోదు ఆలస్యం చేయవద్దని, కేసు సంగతి తర్వాత చూసుకోవచ్చునని ఇంటింటికీ చెబుతున్నాము.

కోర్టు వ్యవహారాలకు 9,480 అయ్యాయి. పదహారో ఏట పెళ్లి చేసుకోక తప్పని ఒక అమ్మాయి, పందొమ్మిదేళ్ల ఏడు నెలల వయసులో మా దగ్గరికి వచ్చింది. బాల్య వివాహం దానంతట అదే రద్దు కాదు. మైనరుగా పెళ్లయినవారు కోరితేనే కోర్టు రద్దు చేస్తుంది, అదీ పద్దెనిమిది నిండిన రెండేళ్లలోపు కోరాలి. ఆమెకు మిగిలింది అయిదు నెలలు. స్త్రీలకు ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది కాబట్టి ఫీజు కాలేదు, నకళ్లకు, వాయిదాల ప్రయాణాలకు మాత్రమే అయింది. ఇచ్చిపుచ్చుకున్న సొమ్ము, నగలు తిరిగి ఇప్పించమనీ, మళ్లీ పెళ్లయ్యేదాకా భరణం ఇప్పించమనీ అడిగే వీలు కూడా బాల్య వివాహాల నిషేధ చట్టంలో ఉంది. గడువులోపల పిటిషను పడింది. ఓపెన్ స్కూలు ఫీజు కట్టిన ఇద్దరిలో ఒకరు ఈమే, 9,500 పెట్టి కుట్టుమిషను కొన్నదీ ఈమెకే.

ఎక్కువ తగాదా పడిన పద్దు 22,000 రూపాయలది. పెళ్లి ఆగినప్పుడు షామియానాకు, వంటవాళ్లకు, బ్యాండుకు ఇచ్చిన బయానాలు పోయాయని రెండు కుటుంబాలు వచ్చాయి. రెండూ రొయ్యల షెడ్లలో రోజుకూలికి పోయేవే, బయానాలకు వడ్డీకి అప్పు చేశారు. ఒకరికి 14,000, మరొకరికి 8,000 ఇచ్చాము. చట్టం తప్పిన పెళ్లికి పెట్టిన ఖర్చును చందాదారుల సొమ్ముతో తీర్చడమేమిటని ముగ్గురు సభ్యులు లిఖితపూర్వకంగా అభ్యంతరం చెప్పారు, ఆ కాగితం ఓచర్లతో పాటే ఉంది. ఆ అప్పు తీర్చలేక అదే పిల్లను మళ్లీ కట్నం లేని రెండో పెళ్లివాడికి ఇస్తారన్న భయంతో మెజారిటీ సభ్యులు ఒప్పుకున్నారు. ఆ ఇద్దరు పిల్లలూ ఇప్పుడు చదువుతున్నారు. అయినా ఇది అలవాటు కాకూడదు కాబట్టి, ఇకమీదట ఇటువంటి సాయం వడ్డీ లేని అప్పుగానే, పది వేలకు మించకుండా ఇవ్వాలని తీర్మానించాము.

రసీదు పుస్తకాలకు 2,300, కరపత్రాలకు, గోడ రాతలకు 4,100, సభలకు, మైకుకు 2,500, వెరసి 8,900 రూపాయలు అయ్యాయి. గోడల మీద రాసింది రాష్ట్ర అంకె: 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20-24 ఏళ్ల స్త్రీలలో పద్దెనిమిది నిండకుండా పెళ్లయినవారు దేశంలో 23.3 శాతమైతే ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం. గోడ రాతల వల్ల ఊరి పరువు పోతోందని అన్న పెద్దలు ఉన్నారు. ఈ గోదావరి ఎగువనే, రాజమహేంద్రవరంలో, కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరు 11న తొలి వితంతు వివాహం జరిపించిన రోజుల్లోనూ ఆ మాటే అన్నవారున్నారని మా కార్యదర్శి వారికి గుర్తు చేశారు. ఒక ఆటో కిరాయి ఓచరు, 1,150 రూపాయలది, పోయింది. దాన్ని ఖర్చులో చూపలేదు. కోశాధికారి తన సొంత సొమ్ముతో సరిచేశారు.

మిగిలిన నిల్వ 64,830 రూపాయలు. బ్యాంకులో 61,500, చేతిలో 3,330. ఇందులో 40,000 ఇంటర్ రెండో సంవత్సరానికి వెళ్లే ఇద్దరికీ కేటాయించాము. 15,000 వైద్య, న్యాయ అత్యవసరాలకు. మిగతా 9,830 పదిహేను రోజులకొకసారి ఇళ్లకు వెళ్లివచ్చే సభ్యురాళ్ల దారి ఖర్చులకు. చిట్టా, ఓచర్లు, బ్యాంకు పాసుపుస్తకం గ్రామ గ్రంథాలయంలో ప్రతి ఆదివారం ఉదయం పది నుంచి పన్నెండు దాకా ఉంటాయి. అమ్మాయిల పేర్లున్నచోట కాగితం అంటించి ఉంటుంది, దాన్ని తీసి చూపమని దయచేసి అడగవద్దు. తప్పు కనిపిస్తే రాసి ఇవ్వండి, వచ్చే నెల సభలో చదివి వినిపించి సమాధానం చెబుతాము.

కమిటీ తరఫున,
అధ్యక్షురాలు, కార్యదర్శి, కోశాధికారి