గుడీ సొరంగమూ ఒకే రోజు

బుజ్జీ,

నీ స్నేహితులతో వియత్నాం వెళ్తున్నామని, సైగాన్ నుంచి ఆ ఒక్కరోజు టూరుకి డబ్బులు పెట్టడం దండగేమో చెప్పమని అడిగావు. ఫోన్లో "బాగుంటుందే, వెళ్లండి" అనేసి పెట్టేశాను. తర్వాత నాకే తృప్తిగా లేదు. మీ నాన్నగారు గ్రూపులో పెట్టిన ఫొటోలు చూస్తే నీకేమీ తెలియదు, అన్నిట్లోనూ ఆయనే ఉంటారు. అందుకని తీరిగ్గా రాస్తున్నాను.

పొద్దున్నే హోటలు దగ్గర వ్యాను ఎక్కిస్తారు. కంబోడియా సరిహద్దు వైపు వంద కిలోమీటర్ల దూరంలో తాయ్ నిన్ అని ఊరుంది. అక్కడ కావో దాయ్ మతం వాళ్ల పెద్ద గుడి. మధ్యాహ్నం పూజ చూపించి, భోజనం పెట్టించి, తిరుగు దారిలో వియత్నాం యుద్ధంలో కమ్యూనిస్టు గెరిల్లాలు దాక్కుని పోరాడిన కు చి సొరంగాలు చూపించి, చీకటి పడే వేళకి దింపేస్తారు. గుడికీ సొరంగానికీ ఏం సంబంధం, ఒకే దారిలో ఉన్నాయని కలిపి అమ్ముతున్నారు అనుకుంటావు. వాళ్లు అందుకే కలిపారేమో కూడా. కానీ చూసొచ్చాక నాకు తోచింది, ఆ రెండూ ఒకే రోజు చూడటంలోనే ఉంది అసలు లాభం. సొరంగాలొక్కటే చూస్తే ఆ యుద్ధం అమెరికాకీ వియత్నాంకీ మధ్య జరిగిందనుకుని వచ్చేస్తావు. నేనూ ఇన్నేళ్లు పదో తరగతి పిల్లలకి దాదాపు అలాగే చెప్పాను. పాఠంలో ఉన్నది అంతే మరి.

దారిలో చేతిపనులు చేసేచోట ఒకసారి ఆపుతారు. దివ్యాంగులు పనిచేసే చోటు. కొనిపించడానికే ఆపుతారని తెలిసిపోతూనే ఉంటుంది, అయినా విసుక్కోకు. నల్లటి లక్క పలక ముందు ఒకమ్మాయి కూర్చుంది. పట్టకారుతో గోరంత కోడిగుడ్డు పెంకు తీసి పలక మీద పెట్టి, పైనుంచి మెల్లిగా తట్టింది. పెంకు అక్కడికక్కడే సన్నటి బీటలు తీసింది. ఆ బీటలే కొంగ రెక్కలో ఈకలు. నేను చూస్తున్నంతసేపూ రెక్కలో బొటనవేలంత భాగం కూడా పూర్తి కాలేదు. ధరలు మాత్రం ఊళ్లోకన్నా ఎక్కువే, చూసి కొనుక్కో.

ఆ తర్వాత ట్రాంగ్ బాంగ్ అనే ఊరు వస్తుంది. వ్యాను ఆగదు. గైడు చెప్పకపోతే నువ్వే అడుగు. ఒంటిమీద బట్టలు కాలిపోయి, చేతులు చాపి ఏడుస్తూ రోడ్డు మీద పరిగెత్తుకొస్తున్న పాప ఫొటో ఉంది చూడు, అది ఇక్కడిదే. 1972 జూన్ 8. ఆ పాప పేరు కిమ్ ఫుక్, అప్పటికి తొమ్మిదేళ్లు. ఆ నాపామ్ బాంబులు, అంటే ఒంటికి అంటుకుని మండే బాంబులు, వేసింది అమెరికా విమానమని చాలామంది అనుకుంటారు. వేసింది అమెరికా అండతో కమ్యూనిస్టులతో పోరాడుతున్న దక్షిణ వియత్నాం వైమానిక దళం, అంటే ఆ పాప సొంత ప్రభుత్వమే. ఊళ్లో పోరాటం జరుగుతుంటే వాళ్లంతా తలదాచుకున్నది ఎక్కడనుకున్నావు? కావో దాయ్ గుడిలో. అక్కణ్నుంచి బయటికి పరిగెత్తుతుండగా బాంబులు పడ్డాయి. వాళ్ల కుటుంబం ఆ మతం వాళ్లే. ఆమె బతికింది, ఇప్పుడు కెనడాలో ఉంటోంది. ఆ ఫొటోని క్లాసులో ఎన్నిసార్లు చూపించానో! వెనకాల ఒక గుడి ఉందని నాకెవరూ చెప్పలేదు.

ఇక గుడి. దూరం నుంచి చూస్తే రెండు బురుజులతో చర్చిలా ఉంటుంది. దగ్గరికెళ్తే పగోడా కప్పులు. లోపలికెళ్తే గులాబీ రంగు స్తంభాలకి చుట్టుకున్న రంగురంగుల డ్రాగన్లు, పైన నీలం కప్పు మీద మబ్బులూ చుక్కలూ. మీ నాన్నగారు "పెళ్లి మండపంలా ఉందే" అన్నారు. అబద్ధమేమీ కాదు. కిటికీ చూసినా, పీఠం చూసినా ఒక కన్ను మనవైపే చూస్తుంటుంది. ఎడమ కన్ను. దేవుడికి వాళ్ల గుర్తు అదే. అప్పట్లో వియత్నాంని ఏలుతున్న ఫ్రెంచి ప్రభుత్వంలో ఉద్యోగం చేసే న్గో వాన్ చియు అనే ఆయనకి ఆ కన్ను దర్శనమిచ్చిందంటారు. మతంగా ప్రకటించుకున్నది 1926లో. ఈ గుడి కట్టడం 1933లో మొదలుపెడితే ప్రారంభం 1955లో.

బుద్ధుడు, చైనా జ్ఞానులు లావోజు, కన్ఫ్యూషియస్, ఏసు అందరూ ఉన్నారు వాళ్లకి. అందర్నీ కలిపేసుకోవడం మనకి కొత్తేం కాదులే. నాకు సరదా వేసింది ఇంకోటి. లోపలికి వెళ్లగానే గోడ మీద పెద్ద బొమ్మ ఉంటుంది. ముగ్గురు నిలబడి దేవుడికీ మనిషికీ మధ్య ఒప్పందం రాస్తుంటారు. ఒకాయన చైనా విప్లవ నాయకుడు సన్ యట్ సెన్. ఒకాయన 16వ శతాబ్దపు వియత్నాం కవి న్గుయెన్ బిన్ ఖియెమ్. మూడో ఆయన ఫ్రెంచి రచయిత విక్టర్ హ్యూగో! తమని ఏలుతున్న దేశం నుంచే ఒక రచయితని తెచ్చి రుషిని చేసి కూర్చోబెట్టుకున్నారు. ఆత్మలతో మాట్లాడటం ఈ మతంలో మొదట్నుంచీ ఉంది, హ్యూగో కూడా ప్రవాసంలో ఉన్నప్పుడు ఇంట్లో బల్ల చుట్టూ కూర్చుని ఆత్మల్ని పిలిచినవాడే. అంతకంటే చిత్రం, వీళ్ల ఆధ్యాత్మిక పోప్ 8వ శతాబ్దపు చైనా కవి లీ బాయ్. కవుల్ని ఇంత పైన పెట్టిన మతం ఇంకోటి నాకు తెలీదు. నువ్వు ఎలాగూ అడుగుతావు కాబట్టి ముందే చెప్తున్నా: ఆడవాళ్లు కార్డినల్ హోదా దాకా వెళ్లొచ్చు, పోప్ మాత్రం కాలేరు.

పూజ రోజుకి నాలుగుసార్లు, ఉదయం ఆరు, మధ్యాహ్నం పన్నెండు, సాయంత్రం ఆరు, అర్ధరాత్రి. చెప్పులు బయట విడిచి ఆడవాళ్లు ఎడమవైపు నుంచి, మగవాళ్లు కుడివైపు నుంచి వెళ్లాలి. మనల్ని మేడమీద వసారాలోకి పంపిస్తారు. గంట కొట్టగానే తెల్లబట్టల వాళ్లు వరసలు కట్టి వచ్చి కూర్చుంటారు. పసుపు, నీలం, ఎరుపు అంగీలు వేసుకున్నవాళ్లు పూజారి వర్గం. పసుపు బౌద్ధానికి, నీలం తావో మతానికి, ఎరుపు కన్ఫ్యూషియస్‌కి. పైన ఒక మూల వాద్యాలు, పాడే అమ్మాయిలు. పాట సాగదీసినట్టు ఉంటుంది, పది నిమిషాలకి టూరిస్టులు సగంమంది దిగిపోతారు. నువ్వు దిగిపోకు. జనం తగ్గాక రెయిలింగు దగ్గర చోటు దొరుకుతుంది. నా కింద ఒక ముసలావిడ లేవలేక నేలకి అరచెయ్యి ఆనించి లేచింది. పక్కావిడ ఆమెవైపు చూడకుండానే మోచెయ్యి అందించింది. రోజూ జరిగేదే అయి ఉంటుంది.

ఇంత మెత్తగా కనిపిస్తున్నారు కదా, వీళ్లకి ఒకప్పుడు సొంత సైన్యం ఉండేది. వేలమంది. జపాన్ వాళ్లు వచ్చినప్పుడు వాళ్లతో కలిశారు, తర్వాత ఫ్రెంచివాళ్ల దగ్గర ఆయుధాలు తీసుకుని కమ్యూనిస్టులతో పోరాడారు. 1955 వచ్చేసరికి దక్షిణాన గద్దెనెక్కిన న్గో దిన్ దియెమ్ వీళ్ల సైన్యాన్ని విరిచేశాడు. మతనాయకుడు ఫామ్ కాంగ్ తాక్ 1956లో కంబోడియా పారిపోయి 1959లో అక్కడే పోయాడు. ఆయన అస్థికలు తాయ్ నిన్‌కి తిరిగొచ్చింది 2006లో. సరే, దియెమ్ పోయాడు, అమెరికా పోయింది, 1975లో కమ్యూనిస్టులు గెలిచారు. పాత పగ ఉంది కదా, ఆస్తులు స్వాధీనం చేసుకుని పూజల మీద ఆంక్షలు పెట్టారు. ప్రభుత్వం ఈ మతాన్ని అధికారికంగా గుర్తించింది 1997లోనే. ఎవరు గెలిచినా వీళ్లది అడకత్తెరలో పోకచెక్క బతుకే. వీళ్లు అమాయకులని నేననడం లేదు. తుపాకులు పట్టినవాళ్లే, పక్షాలు మార్చినవాళ్లే. కానీ వీళ్ల కథ వినకుండా సొరంగం దగ్గరికెళ్తే అక్కడ చెప్పే కథకి తూకం ఉండదు.

ఊరు దాటగానే మైదానం మధ్యలో ఒంటరిగా నల్లకొండ కనిపిస్తుంది. బా దెన్ అంటారు, 986 మీటర్లు. యుద్ధంలో శిఖరం మీద అమెరికా వాళ్ల రేడియో కేంద్రం, కింద వాలుల్లో, గుహల్లో గెరిల్లాలు. ఏళ్ల తరబడి అలాగే ఉన్నారట. ఇప్పుడు కేబుల్ కార్లో వెళ్లొచ్చు గానీ ఈ టూరులో అంత టైము ఉండదు.

భోజనాల దగ్గర మా గైడు మా బల్ల దగ్గరే కూర్చున్నాడు. యాభై దాటినాయన. మాటల్లో చెప్పాడు, వాళ్ల నాన్న దక్షిణ వియత్నాం సైన్యంలో పనిచేశాడని, 1975 తర్వాత 'పునర్విద్య' శిబిరానికి, అంటే ఓడినవాళ్లని బంధించే చోటికి, పట్టుకెళ్లారని. ఎన్నాళ్లు అని మీ నాన్నగారు అడగబోతే నేను కాలు తొక్కాను. అదే మనిషి మధ్యాహ్నం సొరంగాల దగ్గర "మనవాళ్లు శత్రువుని ఇలా దెబ్బతీశారు" అని గడగడా చెప్పుకుపోయాడు. దొంగమాట అనిపించలేదు నాకు. ఉద్యోగం ఉద్యోగమే, కడుపులో ఉన్నది కడుపులోనే.

కు చి హో చి మిన్ సిటీ (సైగాన్‌కి ఇప్పటి పేరు) పరిధిలోకే వస్తుంది. సొరంగాల తవ్వకం 1940ల చివర్లో ఫ్రెంచివాళ్లకి వ్యతిరేకంగా మొదలైంది. అమెరికా వచ్చేటప్పటికి వల మొత్తం రెండు వందల కిలోమీటర్లు దాటింది. మట్టి బంకమట్టి, ఆరితే గట్టిపడుతుంది, అందుకే కూలవు. మూడు అంతస్తులు. గాలి కోసం వెదురు గొట్టాలు పెట్టి, పైకి కనపడకుండా చెదపుట్టల్లో కలిపేసేవారు. వంటగది చూడు, మర్చిపోకు. పొయ్యి ఒకచోట ఉంటే పొగ కాలవల్లో పాకి దూరంగా ఇంకోచోట పలచబడి పైకొస్తుంది. హోవాంగ్ కామ్ అనే సైనిక వంటవాడు ఫ్రెంచివాళ్లతో యుద్ధంలో కనిపెట్టాడు, పొయ్యికి ఆయన పేరే ఉంది. అయినా తెల్లవారుజామున మంచులోనే వండుకునేవాళ్లట. యుద్ధం గెలిపించిన వాళ్లలో వంటవాడి పేరు నిలవడం నాకు భలే నచ్చింది.

1966లో అమెరికా వాళ్లు తమ 25వ పదాతి డివిజన్‌కి పెద్ద స్థావరం తెచ్చి ఈ కు చిలోనే పెట్టారు. రాత్రిళ్లు కాల్పులు ఎక్కణ్నుంచి వస్తున్నాయో తెలిసేది కాదు, అవి కాళ్ల కిందనుంచే. మరుసటి ఏడు జనవరిలో నది అవతల బెన్ సుక్ అనే ఊరిని ఖాళీ చేయించి బుల్డోజర్లతో చదును చేసేశారు. ఇప్పుడక్కడ నువ్వు చూసే చెట్లన్నీ తర్వాత పెరిగినవే, అప్పటి అడవిని మందులు చల్లి మాడ్చేశారు. సొరంగాల్లో ఉన్నవాళ్లని యుద్ధ గాయాల తర్వాత ఎక్కువగా చంపింది మలేరియా. ఇది గైడు చెప్పడు, వీరగాథలో దోమకి చోటుండదు కదా.

ఆకులు కప్పిన ఒక చెక్కమూత తీసి, సన్నటి కుర్రాడు చేతులు పైకెత్తి సర్రున లోపలికి జారి మూత వేసేసుకుంటాడు. కాలు పెట్టేంత కన్నం కూడా కనిపించదు. టూరిస్టుల కోసం ఒక సొరంగాన్ని వెడల్పు చేసి ఉంచారు, మధ్యమధ్యలో బయటికి దారులున్నాయి. నా మోకాళ్ల సంగతి తెలుసుగా, నేను దిగలేదు. మీ నాన్నగారు ఘనంగా దిగి మొదటి దారిలోనే పైకొచ్చేశారు. నీకు లిఫ్టులోనే ఊపిరాడదు కాబట్టి ఎవరు ఎంత ఎగదోసినా దిగకు.

నాకు నచ్చనివి రెండున్నాయి. వెదురు మేకుల బోనులు వరసగా పెట్టి ఏది మనిషిని ఎలా పట్టేస్తుందో ఆడించి చూపిస్తారు, వెనక గోడ మీద వాటిలో పడి అరుస్తున్న అమెరికా సైనికుల బొమ్మలు. జనం నవ్వుతున్నారు. పడినవాళ్లలో పందొమ్మిదేళ్ల పిల్లలు ఎంతమందో. రెండోది తుపాకులు కాల్చే చోటు. ఏకే-47, ఎం-16, ఏది కావాలంటే అది, తూటాలు కొనుక్కుని కాల్చుకోవచ్చు. గైడు చనిపోయినవాళ్ల గురించి చెబుతుంటే ఆ శబ్దం అడవంతా మోగుతూనే ఉంటుంది. మీ నాన్నగారికి చెయ్యి దురద పుట్టింది. పది తూటాలకి తక్కువ అమ్మరని తెలిసి, రూపాయల్లో లెక్కేసుకుని, "ఎందుకులే, హింస" అన్నారు.

చివర్లో ఉడకబెట్టిన కర్రపెండలం పెడతారు. మన సామర్లకోట, పెద్దాపురం సగ్గుబియ్యం మిల్లులకి వెళ్లే దుంపే. వేరుశనగ, నువ్వులు, ఉప్పు దంచిన పొడి అద్దుకు తినాలి. ఒక ముక్క రుచిగానే ఉంది. నెలల తరబడి అదే తిన్నారని చెప్పాక రెండోది నెమ్మదిగా తిన్నాను.

ఇక పనికొచ్చే మాటలు. టూర్లు ఎక్కువగా బెన్ దిన్ అనే వైపుకి తీసుకెళ్తాయి. బెన్ డ్యూక్ అని ఇంకోటి ఉంది, కాస్త దూరం గానీ జనం తక్కువ, చనిపోయినవాళ్ల పేర్లు గోడల నిండా చెక్కిన స్మారక మందిరం కూడా అక్కడే. బుక్ చేసేటప్పుడే అడుగు. గుడికి నిక్కర్లు, చేతుల్లేని జాకెట్లు వద్దు. సొరంగాల దగ్గర దోమల మందు రాసుకో. తాయ్ నిన్‌లో గుడి చుట్టుపక్కల శాకాహార హోటళ్లు బోలెడు, నీ స్నేహితురాలికి ఇబ్బంది ఉండదు. వీసా ఆన్‌లైన్లోనే వస్తుంది, కానీ పాస్‌పోర్టు గడువు ఆరు నెలలు ఉందో లేదో ఈరోజే చూసుకో, ఆఖరు నిమిషంలో టెన్షన్ పడకు. తేదీలు ఖాయమయ్యాక చెప్పు.

ఉంటాను.

అమ్మ