కమిషను ఇచ్చేది కంపెనీయా, కొత్తగా చేరినవాడా?

సంపాదకులు గారికి,

నమస్కారాలు. దాళ్వా ధాన్యం డబ్బు చేతికందే రోజుల్లో మన డెల్టా పట్టణాల్లో కల్యాణ మండపాలు పెళ్లిళ్లకే కాక ఇంకో పనికీ, అంటే మనిషి కింద మనిషిని చేర్చుకుంటూ పోయే గొలుసుకట్టు వ్యాపారాల సమావేశాలకూ నిండుతున్నాయి. పాలకొల్లు, భీమవరం, రావులపాలెం, అమలాపురం, ఎక్కడ చూసినా మండుటెండల్లో కోటు తొడుక్కున్న కుర్రవాడొకడు తెర మీద వలయాలు గీసి, కింద ఇద్దరిని, వారి కింద నలుగురిని చూపించి, రెండేళ్లలో ఇంట్లో కూర్చునే నెలకు లక్ష వస్తుందని చెబుతుంటే, కౌలు రైతులు, డ్వాక్రా మహిళలు, గల్ఫ్ నుంచి తిరిగివచ్చిన ఆడపడుచులు, ఉద్యోగం రాని బీటెక్ పిల్లలు శ్రద్ధగా వింటున్నారు. వినడంలో తప్పు లేదు. వస్తువు అమ్మి కమిషను తీసుకోవడంలోనూ తప్పు లేదు. పూతరేకులు మొదలుకొని చేనేత చీరల దాకా ఇంటింటికీ తిరిగి అమ్మి సంసారాలు ఈదినవారు మన ప్రాంతంలో ఎందరో ఉన్నారు. అయితే చేరుతున్నామని సంతకం పెట్టే ముందు ఒక ప్రశ్నకు జవాబు రాబట్టుకోవాలని, మిగిలినవన్నీ దాని తర్వాతేనని పాఠకులకు విన్నవించుకోవడానికే ఈ లేఖ రాస్తున్నాను. మనల్ని చేర్చిన పైవారికి ముట్టే కమిషను ఎవరి డబ్బు? ఆ సబ్బో, ఆ పొడో తనకు కావాలని కొనుక్కుని వాడుకునే బయటి మనిషి డబ్బా, లేక తానూ సంపాదించాలని కొత్తగా చేరినవాడి డబ్బా?

మొదటిదైతే అది వ్యాపారమే. రెండోదైతే, చేరేవారు దొరికినంతకాలమే అది నడుస్తుంది, వారు దొరకని రోజు ఎంత త్వరగా వస్తుందో చాలామంది ఊహించరు. ఒక్కొక్కరు ఆరుగురిని చేర్చాలన్న పథకాన్ని తీసుకుందాం. మొదటి వరుసలో ఆరుగురు, రెండో వరుసలో 36 మంది, అయిదో వరుసకు 7,776 మంది అవుతారు. ఇంతవరకూ సాధ్యమేననిపిస్తుంది. తొమ్మిదో వరుసకు వచ్చేసరికి 1,00,77,696 మంది కావాలి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలు రెండూ కలిపినా జనాభా దాదాపు 91 లక్షలే. అంటే పొత్తిళ్లలో పిల్లల్నీ, మంచం పట్టిన ముసలివాళ్లనీ కలుపుకున్నా ఆ ఒక్క వరుస నిండదు. అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటుంది. ఇలా ఆరేసి మందితో పెరిగే గొలుసు ఏ దశలో ఆగినా, అందులో ఉన్న ప్రతి ఆరుగురిలో అయిదుగురు అట్టడుగు వరుసలోనే ఉంటారు. వారి కింద ఎవరూ ఉండరు. వారు కష్టపడలేదనో, నమ్మకం చాలలేదనో సెమినార్లలో అంటుంటారు గానీ, అందరూ ఒకే స్థాయిలో కష్టపడినా ఆ అయిదుగురి స్థానం మారదు.

మన కాలువల్లో నీరు తల నుంచి శివారుకు పారుతుంది, శివారు ఆయకట్టుకు నీరందకపోతే రైతు లాకుల దగ్గర నిలదీస్తాడు. ఈ వ్యాపారంలో డబ్బు శివారు నుంచి తలకు పారుతుంది, శివారులో ఉన్నవాడు మాత్రం తప్పు తనదేనని తలదించుకుని ఊరుకుంటాడు.

మా వీధిలో ఒక ఇంట్లో బీరువా కింది అర నిండా ప్రోటీను పొడి డబ్బాలు, పళ్లపేస్టు పెట్టెలు ఉన్నాయి. వాటిలో కొన్నింటికి గడువు తేదీ దాటిపోయింది. ఆ ఇల్లాలు డ్వాక్రా సంఘంలో కుట్టుమిషను కోసమని అప్పు తీసుకుని, చేరేవారికి అంటగట్టే సరుకుల పెట్టె, అదే కిట్, కొని చేరింది. నెలనెలా ఇన్ని పాయింట్ల సరుకు కొనకపోతే ఆ నెల 'యాక్టివ్' కాదనీ, తన కింద చేరినవారి రెండు వరుసలు, వాళ్ల భాషలో కుడి కాలు ఎడమ కాలు, సమానంగా నిండినా కమిషను పడదనీ ఆమెకు చేరిన తర్వాత తెలిసింది. అమ్ముడుపోని సరుకు ఆమె ఇంట్లోనే ఉంది, కంపెనీ లెక్కలో మాత్రం అది అమ్ముడైన సరుకే. వచ్చిన కమిషను ఎంతో ఆమె ఠక్కున చెప్పగలిగింది. నెలనెలా కొన్న సరుకు, విజయవాడ మీటింగులకు బస్సు ఛార్జీలు, ప్రవేశ టిక్కెట్లు, చేరమన్నవారికి పెట్టిన కాఫీ టిఫిన్లు ఎంతయ్యాయని అడిగితే ఆమె దగ్గర లెక్క లేదు. జమ మాత్రమే రాసి ఖర్చు రాయని పుస్తకంలో ఎప్పుడూ లాభమే కనిపిస్తుందని కామర్స్ పాఠాలు చెప్పుకుని బతికిన నేను వేరే చెప్పనక్కర్లేదు.

ఆ పొడి షుగరును తగ్గిస్తుందనీ, మోకాళ్ల నొప్పులు పోతాయనీ పైవారు ఆమెకు నేర్పారు. డబ్బా మీద మాత్రం అది మందుగా వాడేది కాదని చిన్న అక్షరాల్లో ఉంది, దాని మీది లైసెన్సు ఆహార పదార్థానికి ఇచ్చేదే. మధుమేహాన్ని నయం చేస్తుందని ప్రకటించుకోవడాన్ని 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధించింది. ఆమె మాట నమ్మి ఎవరైనా మాత్రలు మానేస్తే జరిగే నష్టం ఏ కమిషనుకూ అందేది కాదు.

ఇక చట్టం సంగతి. ప్రైజ్ చిట్లు, మనీ సర్క్యులేషన్ పథకాల నిషేధ చట్టం 1978 నుంచీ ఉంది. సభ్యులను చేర్చడం మీద ఆధారపడి సులభంగా డబ్బు వస్తుందని ఆశచూపే పథకం, దానికి ఏ పేరు పెట్టినా, ఈ చట్టం కిందికే వస్తుంది. నడిపేవారినే కాదు, సభ్యుడిగా చేరడాన్నీ, అందులో డబ్బు పుచ్చుకోవడాన్నీ, పంపడాన్నీ కూడా మూడో సెక్షను నిషేధించింది. శిక్ష మూడేళ్ల దాకా జైలు. తనకు తెలియదన్న మాట అక్కడ పనికిరాదు. 2007లో మన ఉమ్మడి రాష్ట్ర హైకోర్టు సభ్యుల ద్వారా సరుకులమ్మే ఆమ్వే కంపెనీ వేసిన పిటిషన్లను కొట్టివేస్తూ, అప్పటి ఆ పథకం ఈ చట్టం పరిధిలోకి వస్తుందన్న వాదనతో ఏకీభవించింది. 2019లో ఈబిజ్ అనే గొలుసుకట్టు కంపెనీ నిర్వాహకులను సైబరాబాద్ పోలీసులు అరెస్టు చేసినప్పుడు, అందులో చేరినవారిలో విద్యార్థులే పెద్ద సంఖ్యలో ఉన్నారని తేలింది.

సవ్యంగా నడిచే ప్రత్యక్ష అమ్మకాలకు (డైరెక్ట్ సెల్లింగ్‌కు) కేంద్ర ప్రభుత్వం 2016లో మార్గదర్శకాలు, 2021 డిసెంబరు 28న వినియోగదారుల రక్షణ చట్టం కింద నియమాలు ఇచ్చింది. చేరదలచినవారికి ఇవి మంచి కొలబద్ద. కంపెనీ మన దేశంలో నమోదై, ఇక్కడ కార్యాలయం ఉండాలి. అమ్మేవారితో రాతపూర్వక ఒప్పందం ఉండాలి. చేరిక రుసుము ఉండకూడదు. చేరినవాడు మనసు మార్చుకుంటే జరిమానా లేకుండా బయటికి వచ్చే గడువు, అమ్ముడుపోని సరుకును కంపెనీ వెనక్కి తీసుకునే ఏర్పాటు ఉండాలి. అన్నిటికంటే మనవాళ్లు గుర్తుంచుకోవలసింది, 'మీరు కొనండి, ఇంకో ముగ్గురితో కొనిపించండి, మీ డబ్బు మీకు తిరిగొచ్చేస్తుంది' అని చెప్పి సరుకు అమ్మడాన్ని ఆ నియమాలు ఒప్పుకోవు. మన మండపాల్లో రోజూ వినిపించే మాట అదే.

ఊళ్లో చీటీ కట్టడం లేదా, ఇదీ అంతేగదా అనేవారున్నారు. అంతే కాదు. 1982 చట్టం కింద నమోదైన చీటీలో సభ్యులెందరో, ఎన్ని నెలలో, పాటలో ఎవరికెంత వచ్చిందో ముందే ఒప్పందంలో ఉంటుంది లేదా అందరి ఎదుట తేలుతుంది. చీటీ నిలవడానికి కొత్త సభ్యుడు అక్కర్లేదు.

పైవాడు ఫోనులో చూపించే చెక్కు ఫొటోలు, అద్దె కారు పక్కన దిగిన బొమ్మలు రుజువులు కావు. కమిషను చట్టం చెప్పిన పరిమితి దాటితే కంపెనీ టి.డి.ఎస్., అంటే ఆదాయపు పన్నును ముందే కోసుకోవాలి, ఆ వివరం ఆ వ్యక్తి పాన్ మీద 26ఏఎస్ పత్రంలో కనిపిస్తుంది. గడిచిన ఏడాది పత్రం చూపమని నిర్మొహమాటంగా అడగండి. చూపలేనివాడి మాట మీద బంగారం తాకట్టు పెట్టకండి.

నిర్మొహమాటంగా అనడం సులువు, కానీ మన దగ్గర వచ్చే అడ్డంకి అదే. చేరమని అడిగేది కంపెనీ మనిషి కాదు, 'బావగారూ, ఒక్కసారి ప్లాను చూడండి' అంటూ మేనత్త కొడుకో, 'వదినా, నీ కోసమే చెబుతున్నాను' అంటూ తోటికోడలో వస్తారు. కాదంటే బాగుండదని చేరినవారు డబ్బు పోయాక పోలీసు స్టేషనుకు వెళ్లలేరు, ఫిర్యాదు రాస్తే అందులో రాయవలసింది తమవాళ్ల పేరే. రెండు కుటుంబాల మధ్య మాటలు ఆగిపోవడంతో ఆ వ్యవహారం ముగుస్తుంది, పైవాడు ఇంకో ఊళ్లో మండపం బుక్ చేసుకుంటాడు. ఊళ్లో పదిమంది గౌరవించే మాస్టారినీ, ఆర్‌ఎంపీ డాక్టరునీ ముందుగా చేర్చుకోవడం కూడా ఇందుకే. ప్రభుత్వ ఉద్యోగి అనుమతి లేకుండా వ్యాపారం చేయకూడదని 1964 ప్రవర్తనా నియమావళిలో ఉన్నా, సాయంత్రం ట్యూషను పిల్లల తల్లిదండ్రులకు ప్లాను చూపించే ఉపాధ్యాయులు లేకపోలేదు.

అధికారులకు రెండు మనవులు. ప్రత్యక్ష అమ్మకాలను పర్యవేక్షించే ఏర్పాటు ప్రతి రాష్ట్ర ప్రభుత్వమూ చేయాలని 2021 నియమాలు చెబుతున్నాయి. మా మండలంలో అందుకు ఎవరిని కలవాలో చెప్పగలిగినవారు నాకు కనిపించలేదు. ఆ అధికారి పేరు, ఫోను నంబరు, వాటితోపాటు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915ను గ్రామ సచివాలయం గోడ మీద రాయించాలి. సంఘం అప్పు ఏ పనికి తీసుకున్నారో ఆ పనికే వాడారా లేదా అన్నది డ్వాక్రా సమావేశాల్లో ఇప్పుడూ అడుగుతున్నారు. కిట్లు, జాయినింగులు అన్న మాటను కూడా ఆ ప్రశ్నలో చేర్చితే చాలు.

మీకు ఒక మనవి. పత్రికల జిల్లా పేజీల్లో ఈ కంపెనీల్లో 'డైమండ్ హోదా సాధించిన' వారికి జరిగిన సన్మానాలు ఫొటోతో సహా వార్తలుగా వస్తున్నాయి, ఆ కత్తిరింపులే మరునాడు జిరాక్సు తీయించి కొత్తవారికి చూపిస్తున్నారు. అలాంటి వార్త వేసేటప్పుడు ఆ కంపెనీ ఎక్కడ నమోదైందో, అమ్ముడుపోని సరుకును వెనక్కి తీసుకుంటుందో లేదో విలేకరి అడిగి, వచ్చిన జవాబును ఆ వార్తలోనే అచ్చు వేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత కామర్స్ అధ్యాపకుడు,
పాలకొల్లు, పశ్చిమగోదావరి జిల్లా