తొలకరి సీసాలు

విజయనగరం,
ఆదివారం రాత్రి

ఒరేయ్ గొడుగు గురువా,

నీ ఉత్తరం వచ్చి ఎన్నాళ్లయిందో లెక్క చెప్పకు. జవాబు రాయలేదని నీ చెల్లెలు రోజూ దెప్పుతూనే ఉంది. అందరం క్షేమం. చిన్నవాడికి పాలపళ్లు ఊడుతున్నాయి, నాకు బదిలీ రాలేదు. ఇక అసలు సంగతి.

మొన్న తొలకరి పడింది. మా ఇంటి యజమాని, రిటైరైన కెమిస్ట్రీ మాస్టారు గుర్తున్నారుగా, నువ్వు పిప్పెట్టు అని పేరు పెట్టిన ఆయన? ఉరుము వినగానే పంచె ఎగగట్టి, ఖాళీ సీసాలు సంచిలో వేసుకుని వీధిలోకి పరుగు! గొడుగు పట్టే ఉద్యోగం నాది. (నవ్వకు. బొబ్బిలి స్టేషను గుర్తొచ్చినా నవ్వకు.) రోడ్డు నీళ్లు మా సందు మొదట్లో కాలువలో పడతాయి. అక్కడ ఒక సీసా నింపారు. కాసేపు ఆగి మరొకటి, ఇంకా ఆగి ఇంకొకటి. వాన వెలిశాక అన్నీ అరుగు మీద వరసగా పెట్టారు. మొదటిది అచ్చం కాఫీ డికాక్షనేరా! పైన రంగురంగుల నూనె పొర. చివరి సీసాలోంచి మాత్రం వెనక గోడ కేలండరులో తేదీలు చదివాను.

వేసవంతా రోడ్డు మీద పేరుకున్నదాన్ని తొలి నీళ్లే ఊడ్చుకుపోతాయట. టైర్లు అరిగిన పొడిలో జింకు, బ్రేకులు అరిగిన పొడిలో రాగి, ఇంజన్ల మసి. సీసం కలిపిన పెట్రోలు మన దేశంలో 2000లోనే ఆగిపోయింది కానీ, సీసం లోహం కదా, కుళ్లి మాయమయ్యేది కాదు. పాత రోడ్ల పక్క మట్టిలోనే ఉండి, మట్టితో పాటు కొట్టుకొస్తుంది. ఇంకో సంగతి విను. అమెరికాలో సియాటిల్ వైపు వాగుల్లోకి గుడ్లు పెట్టడానికి వచ్చే కోహో సాల్మన్ చేపలు వాన పడితే చాలు, చచ్చిపోయేవి. ఏళ్ల తరబడి కారణం అంతు చిక్కలేదు. 2020లో తేలింది. టైరు పగలకుండా రబ్బరులో కలిపే 6పీపీడీ అనే మందు ఓజోనుతో కలిసి క్వినోను అనే మరో పదార్థంగా మారుతుంది, అదే ఆ చేపలకు విషం. టైరును కాపాడే మందు చేప ప్రాణం తీయడమేమిటిరా! అది విన్నప్పటి నుంచి నాకు మనసు బాగాలేదు. మన పెద్ద చెరువు గట్టున ఆ రోజు మనం... సరే, అది కలిసినప్పుడు.

అసలు యుద్ధం డాబా మీద. మా అత్తయ్యగారు రేకుల షెడ్డు చూరు కింద గంగాళం పెట్టారు. వాన నీళ్లలో కందిపప్పు తొందరగా ఉడుకుతుందని ఆవిడ సిద్ధాంతం. మాస్టారూ కాదనలేదు. బోరు నీళ్లలో ఉండే కాల్షియం, మెగ్నీషియం లవణాలే పప్పును బిరుసెక్కిస్తాయి, వాన నీళ్లలో అవి బహు తక్కువ. "కానీ అమ్మా, తొలి వాన వద్దు" అన్నారు. ఆవిడకు ఒళ్లు మండింది. "ఆకాశం నుంచి పడిన నీటికి మైల ఏమిటండీ?"

మాస్టారు మారు మాట్లాడకుండా డాబా నడిమధ్య స్టూలు మీద ఉంచిన తెల్ల పింగాణీ గిన్నె తెచ్చారు. దాని నీళ్లకు రోడ్డు తగలలేదు, రేకు తగలలేదు. అయినా అడుగున బూడిదరంగు నలుసులు! పొగగొట్టాలు, లారీలు, చెత్త మంటలు గాలికి వదిలినదంతా వాన లేని రోజుల్లో పొడిగా రాలుతుంది, వాన పడితే చినుకుతో దిగుతుంది. పైగా ఆ రేకులకు జింకు పూత. కార్బన్ డయాక్సైడు కరగడం వల్ల శుభ్రమైన చినుకు కూడా కాస్త పులుపే, పులుపును కొలిచే పీహెచ్ లెక్కలో (7 కంటే తగ్గితే పులుపు) 5.6 దాకా ఉంటుంది. ఆ పులుపుకు పూత కొద్దికొద్దిగా కరిగి గంగాళంలోకి దిగుతుంది.

అత్తయ్యగారు గిన్నెలో వేలు ముంచి, వేలు చూసుకుని, గంగాళం ఎత్తి మల్లెపాదులో కుమ్మరించారు. ఓడిపోయారనుకున్నావా? "రేకుల కింద కాదు, ఆరుబయటే పెడతాను. గాలి కడిగాక పడే వాననే పడతాను. ఆ పప్పు మీ ఇంటికీ పంపుతాను, తినకపోతే చూస్తాను" అని ప్రకటించారు! మాస్టారి ముఖం చూడాలి నువ్వు.

నువ్వు వచ్చేటప్పుడు పీహెచ్ కాగితాల కట్ట ఒకటి తీసుకురా, ఇక్కడ దొరకడం లేదని ఆయన ప్రాణం తీస్తున్నారు. నిన్న రెండో వాన కూడా పడింది. పప్పు ఉడికింది, క్యారేజీ మాస్టారింటికి వెళ్లింది, ఆయన మూత తీసి ఏం చేశారంటే... అయ్యో, కరెంటు పోయింది. మిగతాది రేపు రాస్తాను.

నీ
గొడుగు శిష్యుడు