పంచాయతీరాజ్ పతకం మీద ఏ బొమ్మ ఉండాలి? కేంద్ర ఆర్థిక మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలు.

పంచాయతీలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 73వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చి 2028 ఏప్రిల్ 24 నాటికి 35 ఏళ్లు నిండుతాయి. ఆ సందర్భంగా హైదరాబాద్ చర్లపల్లి టంకశాలలో ఒక స్మారక పతకం కొట్టించమని కోరుతున్నాం. 1959లో నెహ్రూ ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీరాజ్‌ను ప్రారంభించిన షాద్‌నగర్ అక్కడికి దూరమేమీ కాదు. కానీ మా అసలు విన్నపం పతకం గురించి కన్నా దాని మీద వేసే బొమ్మ గురించి.

రాజకీయ సంస్కరణల పతకాలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. 1832లో బ్రిటన్ పార్లమెంటు సంస్కరణ చట్టం చేసినప్పుడు చౌక తెల్లలోహంతో పతకాలు కొట్టి జనానికి అమ్మారు. కొన్నిటి మీద గ్రే, రస్సెల్ లాంటి మంత్రుల ముఖాలు, కొన్నిటి మీద బ్రిటన్ దేశానికి ప్రతీకైన బ్రిటానియా అనే స్త్రీమూర్తి. అదే చట్టం ఓటరు అంటే ‘పురుషుడు’ అని మొదటిసారి స్పష్టంగా రాసి ఆడవాళ్లను ఓటుకు దూరం పెట్టింది. ఓటు లేని స్త్రీని ఓటు పండుగకు గుర్తుగా నిలబెట్టారు. 243-డి అధికరణం కింద మూడో వంతుకు తగ్గకుండా సీట్లు స్త్రీలకు కేటాయించిన సవరణకు మనం కొట్టే పతకంలో ఆ పొరపాటు జరగకూడదు. అందుకే భారతమాత వద్దు, దీపం పట్టుకున్న దేవత వద్దు. నాయకుల ముఖాలూ వద్దు.

తమిళనాడులోని ఉత్తరమేరూరు శాసనంలో చెప్పిన కుండ వేద్దామని ఎవరో ఒకరు తప్పకుండా సూచిస్తారు. చోళుల కాలంలో తాటాకు ముక్కల మీద పేర్లు రాసి, కుండలో వేసి, ఒక్కొక్కటి తీసి సభ్యులను ఎంచిన పద్ధతి అది. గొప్ప చరిత్రే. అయితే ఆ శాసనం ప్రకారం అర్హత పన్ను కట్టే సొంత భూమి, సొంత స్థలంలో ఇల్లు, వేదజ్ఞానం ఉన్నవారికే. దళితులకు, గిరిజనులకు, స్త్రీలకు స్థానాలు కేటాయించిన సవరణకు ఆ కుండ గుర్తు ఎలా అవుతుంది? పైగా పతకం మీద చూస్తే అది పూర్ణకలశంలాగే కనిపిస్తుంది.

ఓటింగ్ యంత్రం బొమ్మా కుదరదు. తెలుగు రాష్ట్రాల్లో పంచాయతీ ఓటు ఇప్పటికీ బ్యాలెట్ కాగితం మీదే. ఎత్తిన అరచెయ్యి, తామర, ఏనుగు, సైకిల్, ఫ్యాన్, కారు పార్టీల గుర్తులు కనుక వాటి పోలిక వచ్చేవేవీ పనికిరావు. గ్రామసభలో చేతులెత్తిన జనాన్ని గీసేటప్పుడు చిత్రకారుడు దీన్ని మరిచిపోతాడు.

మా సూచన ఇది. బొమ్మ వైపు రచ్చబండ మీద కూర్చుని రిజిస్టరులో సంతకం పెడుతున్న మహిళా సర్పంచ్, ఆమె ఎదుట వీపులు మాత్రమే కనిపించే ఇద్దరు గ్రామస్తులు. కలం ఆమె చేతిలోనే ఉండాలి. పక్కన భర్తను నిలబెట్టారో, సవరణ అర్థమే పోతుంది.

ముగ్గురికి మించి మనుషులు వద్దనడానికి కారణం కొలతలే. 2023లో కొత్త పార్లమెంటు భవనానికి విడుదల చేసిన 75 రూపాయల నాణెం వ్యాసం 44 మిల్లీమీటర్లు. పతకమూ అంతే అనుకుంటే, అంచుకీ అక్షరాల వరసకీ రెండు వైపులా ఏడేసి మిల్లీమీటర్లు పోగా బొమ్మకు మిగిలేది 30. అందులో పన్నెండు మందిని కూర్చోబెడితే ఒక్కో తల మిల్లీమీటరుకు అటూఇటూగా ఉంటుంది. కళ్లూ ముక్కూ ఉండవు, గింజలు మిగులుతాయి.

ఇంకో చిక్కు: బొమ్మ వైపు నడిమధ్య ఎత్తుగా ఉండి, బొరుసు వైపు కూడా అదే చోట ఎత్తుగా ఉంటే, అచ్చు పడేటప్పుడు లోహం రెండు అచ్చుల్లోని గుంటలనూ పూర్తిగా నింపలేదు. ముఖమే మొద్దుబారుతుంది. అందుకని బొరుసు మధ్యలో పల్చటి అక్షరాలే ఉంచాలి. బొమ్మ అంచులు నిటారుగా చెక్కితే పతకం అచ్చులో ఇరుక్కుంటుంది, వాలు ఇవ్వాలి. లోహం కంచు అయితే మేలు. ముదురు రంగు పట్టించి ఎత్తుల మీద తుడిస్తే చీర మడతలు కూడా తేలతాయి. అద్దంలా మెరిసే వెండి మీద వేలిముద్రలే ముందు కనిపిస్తాయి.

బొరుసు మీద ‘243-డి’, దాని కింద ‘24-4-1993’. చట్టం పేరులో 1992 ఉంది కనుక ఆ ఏడాదే వేద్దామని దస్త్రాల్లో ఎవరైనా రాస్తారు. రాష్ట్రపతి ఆమోదం 1993 ఏప్రిల్ 20న, అమలు 24న. రెండు సంవత్సరాలూ కలిపి వేస్తే చూసేవారికి తికమక. అమలు తేదీ ఒక్కటే ఉంచండి.

ప్లాస్టర్ నమూనాను ఖరారు చేసే ముందు దాని ఫొటోను సరిగ్గా 44 మిల్లీమీటర్లకు తగ్గించి, కొన్ని గ్రామసభల్లో వార్డు సభ్యుల చేతికివ్వండి. ఏమీ చెప్పకుండా ‘ఇందులో ఏం జరుగుతోంది?’ అని మాత్రమే అడగండి. ‘సర్పంచమ్మ సంతకం పెడుతోంది’ అన్న జవాబు రాకపోతే అచ్చు చెక్కించవద్దని మనవి.

ఇట్లు,
నాణేలు, పతకాల అధ్యయనంలో ఉన్న కొందరం
హైదరాబాద్