మా ఇంట్లో ఉంటున్న అమ్మాయి నాకేమవుతుంది, మంత్రిగారూ?

వృద్ధుల సంక్షేమ శాఖ మంత్రిగారికి,

నమస్కారం. నేను మీకు రాస్తున్న నాలుగో ఉత్తరం ఇది. మొదటి రెండింటికీ అందినట్టు రసీదు వచ్చింది. మూడోదానికి అదీ రాలేదు. అందుకే ఈసారి పదిమందీ చదివేలా రాస్తున్నాను. నాకిప్పుడు 76 ఏళ్లు. ఇంకా ఎన్నాళ్లు ఎదురుచూడగలనో నాకే తెలీదు.

పెద్దవాళ్ల ఇళ్లలో తోడుగా ఉండేవాళ్ల కోసం ఒక ఒప్పంద పత్రం తెస్తామని మీరు మాటిచ్చారు. అద్దె లేకుండా పెద్దవాళ్ల ఇంట్లో ఉంటూ, బదులుగా వాళ్లకు తోడుగా ఉండి చిన్న చిన్న సాయాలు చేసే పిల్లలకూ, ఆ ఇంటివాళ్లకూ మధ్య రాసుకునే కాగితం అది. ఆ మాట నమ్మి రెండేళ్ల కిందట ఒక అమ్మాయిని ఇంట్లో పెట్టుకున్నాను. ‘పెట్టుకున్నాను’ అంటే పనిమనిషి గురించి చెప్పినట్టుంది. కానీ సరైన మాట నాకు దొరకడం లేదు. నా బాధంతా అదే.

ఆమె చదువుకుంటోంది. పై గది ఆమెది. అద్దె లేదు, కరెంటు, నీళ్ల ఖర్చులో తన వాటా తను ఇస్తుంది. రాత్రిళ్లు ఇంట్లో ఉంటుంది. మందులు తెచ్చిపెడుతుంది, ఫోన్‌లో బిల్లులు కడుతుంది, నాకు చిన్న అక్షరాలు ఆనవు కాబట్టి పేపర్ చదివి వినిపిస్తుంది. నన్ను మామ్మగారూ అని పిలుస్తుంది.

పోయిన చలికాలంలో ఒక రాత్రి బాత్రూంలో జారిపడ్డాను. తుంటి ఎముక విరిగింది. గడియ వేసుకోవద్దని ఆమె ఎప్పుడో చెప్పి ఉండబట్టి తలుపు తీసుకుని లోపలికి రాగలిగింది. అంబులెన్స్‌ని పిలిచింది, నాతోపాటు ఎక్కింది. ఆస్పత్రి కౌంటర్ దగ్గర ఆమెను అడిగిన మొదటి ప్రశ్న, “పేషెంట్‌కి మీరేమవుతారు?”

ఆ పిల్ల అబద్ధం ఆడలేదు. “ఏమీ కాను, వాళ్లింట్లో ఉంటాను” అంది. ఆ ఒక్క మాటతో బయటి మనిషైపోయింది. నాకు నొప్పితో మాట రావడం లేదు. రక్తం పలచబడే మాత్ర నేను ఏ పూట వేసుకున్నానో, ఏ ఇంజెక్షన్ నాకు పడదో చెప్పగలిగింది ఆమె ఒక్కతే. అవన్నీ కాగితం మీద రాసుకుని నిలబడితే, ఆ కాగితం చేతిలోకి తీసుకున్నవాళ్లు లేరు. రక్తసంబంధీకులు రావాలన్నారు. మా అబ్బాయి వేరే దేశంలో ఉంటాడు. అప్పుడు వాడి ఆఫీసు టైం. ఫోన్ ఎత్తేసరికి మూడు గంటలైంది. వాడికి నా మాత్రల పేర్లు తెలీవు. మళ్లీ ఆ అమ్మాయికే ఫోన్ చేసి, కనుక్కుని, డాక్టరుగారికి చెప్పాడు. ఆ డాక్టరుగారి గదికి పది అడుగుల దూరంలో బెంచీ మీద కూర్చుని ఉంది ఆమె. ఆ పది అడుగులు దాటడానికి ఆమె మాట సముద్రాలు దాటి వెళ్లి రావాల్సి వచ్చింది.

రాత్రి వార్డులో ఉండటానికి పాస్ కూడా బంధువులకేనట. తెల్లారేదాకా అదే బెంచీ మీద కూర్చుంది. పొద్దున్న ఆమెకు పరీక్ష ఉందన్న సంగతి నాకు వారం తర్వాత తెలిసింది.

ఇంటికొచ్చి కాస్త లేచి నిలబడగలిగాక ఆఫీసుల చుట్టూ తిరిగాను. కర్ర పట్టుకుని తిరిగాను మంత్రిగారూ. అద్దె ఒప్పందం రాయించుకుందామని వెళ్తే, అద్దె లేని అద్దె ఒప్పందం ఎలా రాస్తామండీ, ఎంతో కొంత వెయ్యండి అన్నారు. వేస్తే అది అబద్ధం. పైగా రేపు ఖాళీ చేయించాలంటే కోర్టుకెళ్లాలని మా అబ్బాయికి టెన్షన్. పనిమనిషిగా రాయిద్దామంటే, జీతం ఎంత, పనిగంటలు ఎన్ని అన్నారు. జీతం లేదు. దత్తత తీసుకోండని ఒకాయన నవ్వుతూ సలహా ఇచ్చాడు. ఆ అమ్మాయికి అమ్మానాన్నా ఉన్నారు. ప్రతి ఫారంలోనూ అద్దెకున్నవారు, పనివారు, బంధువులు, ఈ మూడు గళ్లే ఉన్నాయి. ఆమె ఆ మూడింట్లో దేంట్లోనూ పట్టదు.

మా అబ్బాయి చెడ్డవాడు కాదు. తల్లి ఒక్కతే ఉంది, ఇంట్లో ఎవరో ఉన్నారు, ఏ కాగితమూ లేదు. వాడి స్థానంలో ఉంటే నేనూ భయపడేదాన్నే. కానీ ఆ పిల్లకీ ఒక భయం ఉంది. “మామ్మగారూ, మీకేమైనా అయితే నేను ఆ రోజే సామాన్లు సర్దుకోవాలా?” అని ఒకసారి అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఉంటే మీ దగ్గరే ఉండాలి.

వేరే దేశాల్లో ఏం చేస్తున్నారో ఆమె ఫోన్‌లో చూసి నాకు చదివి వినిపించింది. ఫ్రాన్స్‌లో 2018లో చట్టంలోనే ఇలాంటి ఒప్పందాన్ని చేర్చారు. ఇల్లుగలవాళ్లకు 60 నిండి ఉండాలి, వచ్చి ఉండేవాళ్లకు 30 లోపు ఉండాలి. ఎవరు వద్దనుకున్నా ఒక నెల ముందు చెప్పాలి. మాకు కావలసింది ఆ నెల రోజులే. జర్మనీలో చాలాచోట్ల గది ఒక్కో చదరపు మీటరుకు నెలకు ఒక గంట సాయం అని లెక్క. ఒంటికి చేసే సేవలు, నర్సు చేయాల్సిన పనులు అందులోకి రావు.

ఆ లెక్క విన్నాక ఇద్దరం టేపు పట్టుకుని పై గది కొలిచాం. పన్నెండు చదరపు మీటర్లు. అంటే నెలకు పన్నెండు గంటలు. నేను పడినప్పటి నుంచి ఆమె అన్ని గంటలూ ఒక్క వారంలోనే చేస్తోంది. నన్ను లేపి కూర్చోబెట్టడం, స్నానానికి తీసుకెళ్లడం, అవన్నీ ఆమె చేయాల్సినవి కావు. వద్దంటే వినదు. నేనూ గట్టిగా వద్దనలేకపోతున్నాను, ఎందుకంటే నాకు అవసరం. కాగితం లేకపోతే ఆమె వల్ల నాకు నష్టమని అందరూ అంటారు. నా వల్ల ఆమెకు జరుగుతున్న నష్టం గురించి ఒక్కరూ అడగలేదు. మంచితనం మీద బతుకుతున్నాను మంత్రిగారూ. ఎంతవరకు అడగవచ్చో, ఎక్కడ ఆగాలో నాకూ ఒకరు చెప్పాలి.

మీరు ఇస్తామన్న పత్రం ఇవ్వండి. అది పెద్దదిగా ఉండక్కర్లేదు. ఆమె ఎవరో, ఎన్ని గంటలో, వెళ్లాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలో ఉంటే చాలు. ఆస్పత్రిలో ఆమె మాట వినాలని ఉండాలి. ఇద్దరి వివరాలూ ముందే విచారించడానికి, మా మధ్య మాట తేడా వస్తే వినడానికి ఒక మనిషి ఉండాలి. డబ్బు సాయం అడగడం లేదు. పత్రం ఇవ్వండి, ఫారంలో నాలుగో గడి పెట్టండి. చేతులు జోడించి అడుగుతున్నాను.

వచ్చే వేసవితో ఆమె చదువు పూర్తవుతుంది. ఈ ఊళ్లోనే ఉద్యోగం చూసుకుని ఇక్కడే ఉంటానంటోంది. ఉండమనే హక్కు నాకుందో లేదో తెలియక ఇంకా ఏమీ చెప్పలేదు.

ఈసారి జవాబు రాస్తే ఆమె పేరు మీద కూడా ఒక కాపీ పంపండి. నా కళ్లతో నేను చదువుకోలేను, ఆమే చదివి వినిపించాలి. ఇద్దరి చిరునామా ఒకటే. మీ ఆఫీసులో ఉన్న మూడు ఉత్తరాల మీదా ఉంది.

ఇట్లు,
మీ జవాబు కోసం చూస్తున్న ఒక ఇల్లాలు